టూ బై టూ

పాత వణ్ణారపేట, ఎం.సి. రోడ్డు,
మెట్ల కింద పది అడుగుల కొట్టు.
ముప్పై ఒక్క ఏళ్లుగా నా పని ఒక్కటే:
చీర చూసి జాకెట్ గుడ్డ తీయడం.

ట్యూబులైటు మాట నమ్మను.
కొంగు వీధి వెలుతురులోకి లాగి ఒక్క చూపు చూసి
టూ బై టూ రూబియా తానుల మీదికి చెయ్యి చాస్తే
అన్ని ఎరుపుల్లోనూ ఆ ఎరుపే చేతికొచ్చేది.
అరక్కు అడిగితే అరక్కు,
మనవాళ్లొచ్చి వక్కరంగు అంటే వక్కరంగు.
రెండూ ఒకటే అనుకునేవాడికి
ఈ కొట్లో కూలి లేదు.

దగ్గొచ్చింది. నెల దాటినా పోలేదు.
స్టాన్లీలో కళ్లె పట్టించి, బరువు తూచి
రోజుకి మూడు మాత్రలన్నారు,
ఒక్కో మాత్రలో నాలుగు మందులట.
మర్నాడు ఒంటేలు నారింజరంగులో పడితే
హడలి పరిగెత్తాను.
నర్సు వసుమతి నవ్వింది:
"అది మందు రంగేనన్నా, భయపడకు."
ఆ ఒక్క రంగు సంగతే నాకు గుర్తుంది.
తక్కిన రంగుల గురించి
ఆమె చెప్పలేదో, నేనే వినలేదో,
నా వెనక ఇంకా నలభై మంది నిలబడి ఉన్నారు.

నాలుగో నెల. దగ్గు లేదు, ఆకలి ఉంది.
"పెళ్లికొడుకులా ఉన్నావే" అన్నాడు తేజ్‌మల్ సేఠు.
ఆ వారమే
మిరపపండు చీర తెచ్చిన ఆవిడ తిరిగొచ్చి
నేనిచ్చిన గుడ్డని బల్ల మీద పడేసింది.
"ఇది కాఫీపొడి రంగు కదయ్యా!"
పక్కపక్కన పెట్టి చూశాను.
నా కంటికి అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి.

ఎవరికీ చెప్పలేదు.
బల్బు మార్పించాను, కళ్లజోడు తుడిచాను,
ఈ లాటుకి రంగు సరిగ్గా ఎక్కలేదని
ఊరూపేరూ తెలియని మిల్లుని తిట్టాను.
ఎక్కడ చూస్తే అక్కడే మసక,
చూడని చోటంతా బాగానే ఉంది.
సిగ్నల్ దగ్గర దీపం రంగు వదిలేసి
దీపం ఎత్తు చూసి రోడ్డు దాటేవాణ్ని.

పట్టేసింది తిలగ,
పదో క్లాసు తప్పి మా కొట్లో చేరిన పిల్ల.
"అన్నా, నువ్వు తడిమి తీస్తున్నావు."

ఎగ్మూరు కంటాసుపత్రిలో చుక్కల పుస్తకం.
"ఏం అంకె?"
"చుక్కలు."
"ఇది?"
"చుక్కలే డాక్టరమ్మా."
వెనక నిలబడ్డ తిలగ ఉండబట్టలేక
"డెబ్బై నాలుగు" అంది,
నా అప్పు ఎంతో చెప్పినంత మెల్లగా.

మందుల చీటీ మీద
నాలుగో పేరు దగ్గర ఆవిడ పెన్ను ఆగింది.
"మంచి మందే. కొందరికి కంటినరం మీద పడుతుంది.
మసకేసిన రోజే రావాల్సింది."
ఛాతీ డాక్టరుతో మాట్లాడి ఆ ఒక్కటీ ఆపించింది.
రంగులు రావచ్చు. నెలలు పట్టొచ్చు.
అన్నీ రాకనూ పోవచ్చు.
మందుని తిట్టబోయి ఆగాను.
తిట్టడానికి తీసిన ఊపిరి అదిచ్చిందే.

బయటికొచ్చి ఓపీ చీటీ మీద
నా పేరు చదువుకున్నాను, చెంగల్వరాయుడు.
యాభై రెండేళ్లకి
అందులో ఒక పువ్వుందని తట్టింది.
ఎర్రదట.

ఇప్పుడు తిలగ చూస్తుంది, నేను అడుగుతాను.
"మంకెనా, దానిమ్మగింజా?"
ఆ మాటలు ఆమెకి తెలీవు.
"తక్కాళి" అంటుంది.
"దోరదా, పండిందా?"
కాసేపు ఆలోచించి, "మొన్న కొన్నది."
మూడో అర, ఎడమ నుంచి తొమ్మిదో తాను.
గుడ్డ వీధిలోకి పట్టుకెళ్లి
అక్కణ్నుంచే అరుస్తుంది, సరిపోయిందని.
నా జీతంలో కొంత కోసి ఆమెకి కలిపాడు సేఠు.
న్యాయమే.

నిన్న మధ్యాహ్నం క్యారియరు మూత తీస్తే
పెరుగన్నం అంచున, ఊరగాయ పక్కన
ఏదో సన్నగా రాజుకున్నట్టు కనపడింది.
నూనె మెరుపో, ఎండ పొడో.
తిలగని అడగలేదు.
మూత పెట్టి, మళ్లీ తీశాను.